హెచ్‌ఐవీ ఉన్న వదిన మా ఇంట్లోనే ఉంటున్నారు, పిల్లాడి గురించి భయంగా ఉంది (గుంటూరు)

బ్రాడీపేట_కోడలు | మంగళవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. బయట ఎవరినీ అడగలేక ఇక్కడ రాస్తున్నా. మాది గుంటూరు. మావారి అక్క, అంటే నాకు వదిన, సంక్రాంతి తర్వాత నుంచి మా దగ్గరే ఉంటున్నారు. అన్నయ్య పోయాక అత్తగారి ఊళ్ళో ఆమెకి వేరే కంచం, వేరే మంచం, పెరట్లో రేకుల షెడ్డులో పడక. చివరికి పుట్టింటికి పొమ్మన్నారు. మావారు వెళ్ళి తీసుకొచ్చారు. వచ్చిన మర్నాడే వదిన నన్ను పక్కన కూర్చోబెట్టి తనే చెప్పారు, "నాకు హెచ్‌ఐవీ ఉందమ్మా, మందులు వాడుతున్నా. రేపు ఇంకెవరో చెప్తే నీ మనసు ఇంకా కష్టపడుతుంది" అని. పెద్దాసుపత్రికి వెళ్ళి మందులు తెచ్చుకుంటారు. మనిషి ఆరోగ్యంగానే ఉన్నారు.

మా బాబుకి మూడేళ్ళు. అత్తా అత్తా అని ఆమె కొంగు వదలడు. ఆమె చేత్తో కలిపి పెడితేనే పప్పన్నం తింటాడు. ఆమె కంచంలోదే తీసుకుని తింటాడు, ఆమె గ్లాసులో నీళ్ళు తాగేస్తాడు. మొన్న దొండకాయలు తరుగుతుంటే కత్తిపీట తగిలి వదిన వేలు తెగింది. రెండు చుక్కలు కాయల మీద పడ్డాయి. ఆమే కంగారుగా ఆ కాయలన్నీ తీసి అవతల పారేశారు, కత్తిపీట కడిగారు. అయినా ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

మా అత్తయ్య అప్పుడే వేరే స్టీలు కంచం, గ్లాసు తీసి పెట్టేశారు, కన్నకూతురికి. బాత్రూంలో ఆమె వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఫినాయిల్ పోస్తున్నారు. వదిన ఏమీ అనరు. నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది, కానీ పిల్లాణ్ణి చూస్తే మళ్ళీ భయం. ఎంగిలి వల్ల వస్తుందా? బాత్రూం వల్ల? ఒకే పక్క మీద పడుకుంటే? దోమ ఆమెని కుట్టి వాణ్ణి కుడితే? తెలిసినవాళ్ళు చెప్పండి, దయచేసి.


ల్యాబ్_బెజవాడ | మంగళవారం, రాత్రి 11:52

మేడం, ముందు సమాధానం చెప్తాను, వివరం తర్వాత. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా, ఒకే బాత్రూం వాడినా, పక్కలో పడుకున్నా, బుగ్గ మీద ముద్దు పెట్టినా హెచ్‌ఐవీ రాదు. "వచ్చే అవకాశం తక్కువ" అని కాదు, రాదు. బాబుని ఈ రాత్రి వాళ్ళ అత్త పక్కన పడుకోబెట్టినా ఏమీ కాదు.

నేను విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్ని. హెచ్‌ఐవీ ఒంట్లో ఎక్కడెక్కడ అంటించగలిగేంత ఉంటుందంటే రక్తంలో, వీర్యంలో, యోని, మలద్వార స్రావాల్లో, తల్లిపాలలో. అంతే. ఎంగిలి, చెమట, కన్నీళ్ళు, మూత్రం, తుమ్ము, దగ్గు, వీటి ద్వారా అంటదు. ఆ నాలుగైదు స్రావాలైనా ఎదుటి మనిషి రక్తంలోకో, లోపలి సున్నితమైన పొరలకో చేరాలి. అందుకే వచ్చే దారులు కూడా కొన్నే: కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, పరీక్ష చేయని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకి. మన బ్లడ్ బ్యాంకుల్లో ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి.

దొండకాయల సంగతి: ఆ కాయలు కడిగి వేపుడు చేసి తిన్నా ఏమీ అయ్యేది కాదు. ఒంటి బయట ఈ వైరస్ బలం చాలా తొందరగా పోతుంది, ఆరిపోతే ఇంకా తొందరగా. పొయ్యి మీద వేడికి అసలు నిలవదు.


పటమట_అమ్మమ్మ | బుధవారం, ఉదయం 6:15

తల్లీ, నీ పోస్టు చదివి మీ వదిన గురించే ఆలోచిస్తున్నా. తనంతట తానే నీకు చెప్పింది చూడు, ఎంత నమ్మకం ఉండాలి.

మా రోజుల్లో ఊరూరా గోడల మీద, బస్టాండ్ల దగ్గర "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. ఆ ప్రశ్న మా తరం వాళ్ళందరికీ ఇప్పటికీ నోట్లో ఆడుతుంది. ఎలా వస్తుందో కూడా కొంత తెలిసింది. ఎలా రాదో మాత్రం మా ఇళ్ళల్లో ఎవరి మనసుకీ ఎక్కలేదు. మీ అత్తగారిది కూడా అదే భయం అయుంటుంది.

దోమ సంగతి నాకూ అనుమానమే, ల్యాబ్ బాబూ. కాలవ పక్కన ఉంటాం, సాయంత్రమైతే దోమలే దోమలు. మలేరియా, డెంగీ తెచ్చే దోమ ఇది తేదా?


ల్యాబ్_బెజవాడ | బుధవారం, ఉదయం 7:40

మంచి ప్రశ్న అమ్మమ్మగారూ. డెంగీ వైరస్ గానీ, మలేరియా క్రిమి గానీ దోమ ఒంట్లో పెరుగుతాయి, పెరిగి దాని లాలాజల గ్రంథులకి చేరతాయి. దోమ కుట్టేటప్పుడు మన ఒంట్లోకి వదిలేది దాని లాలాజలమే, అంతకుముందు తాగిన రక్తం కాదు. హెచ్‌ఐవీ పెరగాలంటే మనిషి ఒంట్లో ఉండే ఒక రకం తెల్ల రక్తకణాలు కావాలి. దోమలో అవి లేవు. కాబట్టి తాగిన రక్తంతో పాటు వైరస్ కూడా దాని పొట్టలో అరిగిపోతుంది.

ఇంకో రకంగా చూడండి. దోమల వల్ల వచ్చేదే అయితే కృష్ణలంకలో, వన్ టౌన్‌లో చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా వయసుతో పని లేకుండా అందరికీ రావాలి. దోమ వయసు చూసి కుట్టదు కదా. హెచ్‌ఐవీ అలా ఎక్కడా వ్యాపించలేదు.


మిర్చి_గుమాస్తా | బుధవారం, ఉదయం 10:05

అందరూ ధైర్యం చెప్తున్నారు, సంతోషం. కానీ చిన్నపిల్లాడున్న ఇల్లు అది. పుస్తకాల్లో సవాలక్ష ఉంటాయి, రేపు ఏదన్నా అయితే ఇక్కడ సలహాలిచ్చినవాళ్ళు వస్తారా? అక్కడే దగ్గర్లో ఒక గది అద్దెకి తీసిస్తే, క్యారేజీ పంపిస్తే సరిపోతుంది కదా. ఆమెని చూసుకున్నట్టూ ఉంటుంది, పిల్లాడికీ భయం ఉండదు. తప్పుగా అనుకోవద్దు, నేను కూడా ఇద్దరు పిల్లల తండ్రినే.


జీజీహెచ్_నర్సమ్మ | బుధవారం, మధ్యాహ్నం 2:30

గుమాస్తాగారూ, మీ భయం అర్థమైంది. దానికి అంకె చెప్తాను. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది, ఇంకా రక్తం తడి ఆరకుండానే మా నర్సుల చేతికి గుచ్చుకుంటే, అంటే వైరస్ నేరుగా చర్మం కిందికి వెళ్తే, అప్పుడు కూడా వచ్చే అవకాశం వెయ్యిలో మూడు. దానికీ మందుంది. 72 గంటల లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు వాడతాం. సూది గుచ్చుకుంటేనే వెయ్యిలో మూడయితే, కంచం అంచుకి అంటిన ఎంగిలి దేనికి వస్తుంది?

అప్పుడెప్పుడో 1986లోనే న్యూయార్క్ డాక్టర్లు ఎయిడ్స్ రోగుల ఇళ్ళల్లో వాళ్ళని వందమందికి పైగా పరీక్షించారు. ఒకే గ్లాసు, ఒకే బాత్రూం, ఒకే మంచం వాడినవాళ్ళు, పేదవాళ్ళు, ఇరుకిళ్ళు. అందులో ఒక్క పాపకి మాత్రమే ఉంది, ఆ పాపకి కూడా పుట్టుకతో తల్లి నుంచి వచ్చిందనే తేల్చారు. అప్పటికి ఈ జబ్బుకి మందే లేదు. మందుల్లేని రోజుల్లోనే ఇంట్లోవాళ్ళకి రాలేదు.

వేరే గది అన్నారు. వేరే గదిలో ఒంటరిగా పడేసినవాళ్ళని నేను వార్డులో చూశాను. మందు ఎవరి కోసం వేసుకోవాలి అని మానేస్తారు. మానేశాకే జబ్బు ముదిరి మా దగ్గరికి వస్తారు.


అడ్మిన్

చిన్న మనవి. చర్చ బాగా సాగుతోంది. ఎవరూ కూడా ఆ అమ్మాయి ఇంటి వీధి, ఊరి పేరు, వదినగారి వివరాలు అడగొద్దు, ఊహించి రాయొద్దు.


ఐసీటీసీ_అక్క | బుధవారం, రాత్రి 9:10

కోడలు అమ్మాయీ, నేను విజయవాడ వైపు ఐసీటీసీలో కౌన్సిలర్‌గా చేశాను. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా హెచ్‌ఐవీ పరీక్ష చేసి, ముందూ తర్వాతా కూర్చోబెట్టి మాట్లాడతారే, ఆ సెంటర్లు. నీలా భయపడి వచ్చే కుటుంబాల వాళ్ళే నా దగ్గరికి ఎక్కువ వచ్చేవాళ్ళు.

మీ వదిన మందులు మానకుండా వాడుతున్నారంటే ఒక మాట అడుగు, వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది అని. ఇప్పుడు మన దగ్గర ఎక్కువ మందికి ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకి ఒకటి. అది సరిగా వాడితే కొన్ని నెలల్లోనే రక్తంలో వైరస్ పరీక్షకి కూడా అందనంత తగ్గిపోతుంది. అలా అందనంత తగ్గి, అలాగే నిలబడిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా రాదని యూరప్‌లో పార్ట్‌నర్ అనే పెద్ద అధ్యయనం తేల్చింది, 2016లో, మళ్ళీ 2019లో. భార్యాభర్తలకే రానిది మేనత్త పెట్టే ముద్దకి వస్తుందా చెప్పు.

అయితే లోడ్ ఎంతున్నా సరే, ముద్దల వల్ల రాదు. లోడ్ అడగమన్నది బాబు కోసం కాదు, ఆమె ఆరోగ్యం కోసం.

జాగ్రత్తలంటావా, ఉన్నాయి, కానీ మీ అత్తగారు తీసుకునేవి కాదు. టూత్ బ్రష్షు, షేవింగ్ బ్లేడు ఎవరిది వాళ్ళకి ఉండాలి, అది ఏ ఇంట్లోనైనా అంతే. రక్తం కిందపడితే చేతికి గ్లవ్స్ గానీ, లేకపోతే ప్లాస్టిక్ కవరు గానీ తొడుక్కుని గుడ్డతో తుడిచి, బ్లీచింగ్ కలిపిన నీళ్ళు పోసి పది నిమిషాలుంచి కడిగెయ్యి. దెబ్బ తగిలితే బ్యాండేజీ వేసుకోవాలి. మన పెద్దవాళ్ళలో కొందరికి చంటిపిల్లలకి నమిలి పెట్టే అలవాటుంటుంది, అది మాత్రం వద్దు. పెద్దవాళ్ళ నోట్లో పుండుండి రక్తం కలిస్తే అలా వచ్చిన కేసులు అమెరికాలో చాలా అరుదుగా నమోదయ్యాయి. మీ బాబుకి మూడేళ్ళు కాబట్టి ఆ సమస్యే రాదు. చేత్తో కలిపి పెట్టడం వేరు, నమిలి పెట్టడం వేరు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి టీబీ తొందరగా పట్టుకుంటుంది, టీబీ మాత్రం గాలి ద్వారా అంటుతుంది. ఆమెకి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఏదైనా ఉంటే వెంటనే ఏఆర్‌టీ సెంటర్లో, అంటే ఆమె హెచ్‌ఐవీ మందులు తెచ్చుకునే చోట చెప్పండి, అక్కడే పరీక్ష చేయిస్తారు, మందులు ఉచితం. అలాంటివేమీ లేకపోతే దాని గురించీ ఆలోచించకు. బాబుకి జలుబు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం ఆమెని కాస్త చూసుకో. ఆ ఇంట్లో అంటువ్యాధి భయం ఎవరికైనా ఉండాలంటే అది ఆమెకే ఉండాలి.


ఏలూరు_రోడ్డు | బుధవారం, రాత్రి 11:45

ఈ చర్చ పొద్దుటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూనే. నాకు హెచ్‌ఐవీ ఉంది. ప్రభుత్వం 2004లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన తర్వాత తొలి రోజుల్లో చేరినవాళ్ళలో నేనొకణ్ణి. అప్పటి మందుల్లో స్టావుడిన్ ఉండేది. దాంతో బుగ్గలు పీక్కుపోయేవి. మందు ప్రాణం నిలిపింది గానీ మొహం చూసి పోల్చేసేవాళ్ళు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ మందు లేదు, రోజుకో మాత్ర వేసుకుని ఆటోనగర్‌లో పనికి పోతున్నా.

నా భార్యకి లేదు. మా ఇద్దరు పిల్లలకీ లేదు. ఇన్నేళ్ళుగా ఒకే వంటగది, ఒకే బాత్రూం. నా కూతురు సగం చీకి వదిలేసిన మామిడి టెంక నేను చీకుతాను, నా టీ గ్లాసులో అది తాగుతుంది. దాని పెళ్ళి కూడా చేశాను.

కోడలమ్మా, ఒక మాట చెప్పాలని రాశాను. నన్ను ఎవరూ మొహం మీద తిట్టలేదు. చుట్టాల పెళ్ళిలో అందరికీ స్టీలు గ్లాసుల్లో మంచినీళ్ళిచ్చి నాకొక్కడికి ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చారు. ఇచ్చిన కుర్రాడికి కారణం తెలీదు, ఎవరో అలా ఇమ్మన్నారంతే. ఆ నీళ్ళు నేను తాగలేకపోయాను. ఫినాయిల్ ఎందుకు పోస్తున్నారో మీ వదినకి తెలుసు. ప్రతిసారీ తెలుస్తుంది. ఏమీ అనకపోవడం ఆమెకి ఇంకెక్కడికీ పోయే చోటు లేక.


పటమట_అమ్మమ్మ | గురువారం, ఉదయం 6:05

నాయనా, నువ్వు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. చల్లగా ఉండు.


కృష్ణలంక_కుర్రోడు | గురువారం, మధ్యాహ్నం 12:30

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాదీ ఇలాంటి భయమే. మా వీధిలో సెలూన్‌లో గెడ్డం గీయించుకుంటుంటే గీరుకుంది, రక్తం వచ్చింది, పటిక రాశాడు. బ్లేడు మార్చాడో లేదో నేను చూడలేదు. ఇది జరిగి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి చాలాసార్లు టెస్టు చేయించుకున్నాను, మూడు నెలలకి చేసిందీ నెగెటివే, ఆరు నెలలకి చేసిందీ నెగెటివే. ఇంట్లో తెలియకుండా వేరే వేరే ల్యాబుల్లో. రిపోర్టు చూసిన రోజు బాగుంటుంది. రెండు రోజులకి మళ్ళీ మొదలు. నాలుక తెల్లగా ఉందా, మెడలో గడ్డలున్నాయా అని అద్దంలో చూసుకుంటూ కూర్చుంటా. రాత్రంతా ఫోన్లో లక్షణాలు వెతుకుతా. బరువు కూడా తగ్గాను, అది హెచ్‌ఐవీ వల్లేనేమో అని ఇంకా టెన్షన్. ఇంకో టెస్టు ఏది చేయించుకుంటే పూర్తిగా తేలుతుంది?


ల్యాబ్_బెజవాడ | గురువారం, సాయంత్రం 5:20

తమ్ముడూ, తేలిపోయింది. మూడు నెలలకి నెగెటివ్ అంటే ఆ గాటు గురించి అది చివరి మాట. ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కువగా చేసే నాలుగో తరం పరీక్ష అయితే 45 రోజులకే పట్టేస్తుంది. నీది అది కూడా ఎప్పుడో దాటిపోయింది. ఇంకే పరీక్షా అక్కర్లేదు. మా ల్యాబుకి వచ్చినా నేను వద్దనే చెప్తాను.

సెలూన్‌లో కొత్త బ్లేడు వేయించుకోవడం మంచిదే, నీ కళ్ళ ముందు కాగితం విప్పి వెయ్యమని అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ అది హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ బీ కోసం, అంటే కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. ఆ వైరస్ గట్టిది, ఎండిన రక్తంలో వారం రోజులైనా బతికి ఉంటుంది. దానికి టీకా ఉంది, మూడు డోసులు. నువ్వు వేయించుకోకపోతే వేయించుకో.


ఐసీటీసీ_అక్క | గురువారం, రాత్రి 8:45

కృష్ణలంక తమ్ముడూ, ల్యాబ్ ఆయన చెప్పింది వంద శాతం నిజం. అయినా నీకు రెండు రోజులకి మళ్ళీ భయం వస్తుంది, అది నాకు తెలుసు. నువ్వు చేతకానివాడివి కాదు. ఈ భయం రిపోర్టుతో పోయే రకం కాదు. పరీక్ష చేయించుకున్నప్పుడల్లా కాసేపు ఉపశమనం, ఆ ఉపశమనానికి మనసు అలవాటుపడి మళ్ళీ అడుగుతుంది. అందుకే ఇంకో టెస్టు నిన్ను ఇంకా లోపలికి లాగుతుంది. నిద్ర లేక, తిండి సరిగా లేక బరువు తగ్గుతున్నావు.

నీకు కావాల్సింది మానసిక వైద్యులు. దీనికి మంచి చికిత్స ఉంది, మందులతోనూ, మాటలతోనూ. పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. వెళ్ళడానికి మొహమాటమైతే ముందు 14416కి ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఫోన్లో లక్షణాలు వెతకడం ఈ రాత్రికి ఆపు. రేపటి సంగతి రేపు చూద్దాం.


నాజ్_సెంటర్ | గురువారం, రాత్రి 9:30

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూల్‌డ్రింక్‌లో హెచ్‌ఐవీ రక్తం కలిపారని, సినిమా హాలు సీట్లలో సూదులు పెట్టారని ఏడాదికోసారి వస్తూనే ఉంటుంది. అవి నిజమా?


జీజీహెచ్_నర్సమ్మ | గురువారం, రాత్రి 9:50

అబద్ధం. తాగే వస్తువు వల్ల హెచ్‌ఐవీ రాదు, సీట్లో సూదుల వల్ల వచ్చినట్టు ఎక్కడా నిర్ధారణ కాలేదు. ఈసారి వస్తే ఇంకొకరికి పంపకండి.


బ్రాడీపేట_కోడలు | శనివారం, మధ్యాహ్నం 3:15

అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నా. ఏలూరు రోడ్డు అన్నయ్యా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను.

నిన్న వదినని అడిగాను. బీరువాలోంచి కవరు తీసి కాగితం చూపించారు. వైరల్ లోడ్ "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది, అంటే వైరస్ పరీక్షకి అందలేదని. "అడిగావు, సంతోషం" అన్నారు అంతే. దగ్గు, జ్వరం ఏమీ లేవు. మావారికి ఈ చర్చంతా చూపించాను, ఆయన రాత్రి వాళ్ళ అమ్మతో మాట్లాడారు. ఫినాయిల్ ఆగింది. వేరే కంచం ఇంకా ఉంది. అత్తయ్యకి మనం చెప్తే ఎక్కదు, డాక్టరు నోటి నుంచి వినాలి. వచ్చే నెల మందుల కోసం వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి అక్కడి కౌన్సిలర్‌తో మాట్లాడిద్దాం అనుకుంటున్నాం.

బాబు మాత్రం ఈ మధ్యాహ్నం కూడా వాళ్ళ అత్త చేతి ముద్దే తిన్నాడు, నేను పక్కనే ఉన్నాను. పూర్తిగా భయం పోయిందని అనను, గుండె కాస్త దడదడలాడింది. ఆపలేదు.

ఇంకో రెండు అనుమానాలు. ఇంటి ఓనరుకి, బాబు ప్లేస్కూల్లో చెప్పాల్సిన అవసరం ఉంటుందా? దాచినట్టవుతుందా?


లాయర్_అరండల్‌పేట | శనివారం, సాయంత్రం 6:40

ఎవరికీ చెప్పక్కర్లేదమ్మా. ఆమె అనుమతి లేకుండా చెప్పకూడదు కూడా. 2017లో పార్లమెంటు హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చేసింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, వీటిలో దేనిలోనైనా హెచ్‌ఐవీ ఉందని గానీ, హెచ్‌ఐవీ ఉన్న మనిషితో కలిసి ఉంటున్నారని గానీ వివక్ష చూపకూడదు. రెండో మాట గుర్తుపెట్టుకోండి, ఆ రక్షణ మీ బాబుకి కూడా వర్తిస్తుంది. ఒక మనిషి నమ్మి చెప్పిన విషయాన్ని రాతపూర్వకమైన అనుమతి లేకుండా బయటపెట్టడం ఆ చట్టం ఒప్పుకోదు.

మీరు అడగలేదు గానీ, అత్తగారింటి నుంచి పంపేశారన్నారు. గృహహింస చట్టం 2005 ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంటుంది, భర్త ఆస్తిలో వాటా విషయం వేరేగా చూసుకోవాలి. ఆమె ఇష్టపడితేనే. గుంటూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.


మిర్చి_గుమాస్తా | శనివారం, రాత్రి 10:20

నేను ఎందుకు అలా రాశానో చెప్తాను. మిర్చి యార్డులో మా కొట్టు దగ్గర ఒక హమాలీ ఉన్నాడు, అతనికి ఇది ఉందని అందరూ చెప్పుకుంటారు. ఎండాకాలం మిర్చి సీజనులో అందరం ఒకే కుండలో నీళ్ళు, ఒకే గ్లాసు. అతను తాగాక నేను గ్లాసు ముట్టుకోను, ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటా. బస్తాలు మోస్తుంటే అతని భుజాలు ఒరుసుకుపోయి ఉంటాయి, చెమట. పక్కన నిలబడాలంటే లోపల ఏదోలా ఉంటుంది. ఇక్కడ చదివింది నమ్మడం లేదని కాదు. చెమట వల్ల కూడా రాదంటారా నిజంగా?


ల్యాబ్_బెజవాడ | శనివారం, రాత్రి 10:55

రాదండీ. చెమట తగిలినా రాదు. ఒరుసుకుపోయిన భుజం మీద చెయ్యి వేసినా, మీ చేతి మీద చర్మం బాగుంటే ఏమీ కాదు. గ్లాసు అసలు లెక్కే కాదు. ఆ కారం దుమ్ములో పనిచేసే మనిషికి మంచినీళ్ళు అందరితో పాటే అందాలి. అతనికి ఉందో లేదో మనకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.


మిర్చి_గుమాస్తా | శనివారం, రాత్రి 11:10

సరే. చూస్తాను.


బ్రాడీపేట_కోడలు | ఆదివారం, ఉదయం 9:00

లాయరుగారికి, అందరికీ కృతజ్ఞతలు. ఆఖరుగా ఒకటి అడుగుతా. బాబుకి మూడో ఏడు కాబట్టి కోటప్పకొండలో పుట్టువెంట్రుకలు తీయించాలని మొక్కు. వదిన కూడా వస్తారు. అక్కడ కత్తి అందరికీ ఒకటే వాడతారేమో అని భయం. ఇది వదిన గురించి కాదు, మామూలుగా అడుగుతున్నా.


ల్యాబ్_బెజవాడ | ఆదివారం, ఉదయం 9:35

సంతోషంగా వెళ్ళి రండి మేడం. కొత్త బ్లేడు ప్యాకెట్టు ఒకటి మీరే కొని తీసుకెళ్ళండి, మీ ముందే విప్పి కత్తికి వేయించండి. బాబు టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి, పుట్టినప్పుడు హెపటైటిస్ బీ, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్ (హెపటైటిస్ బీ కూడా కలిసి ఉండే టీకా) పడ్డాయో లేదో. పడి ఉంటే ఆ బెంగ కూడా అక్కర్లేదు. కార్డులో ఏదైనా ఖాళీ కనిపిస్తే దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి, ఏం చేయాలో వాళ్ళు చెప్తారు. వదినగారి ఆ రోజు మాత్ర మాత్రం మర్చిపోకుండా సంచిలో పెట్టుకోమనండి, కొండ మీద ఆలస్యమవుతుంది. ఇంకేమైనా అనుమానం వస్తే 1097కి చేయండి, అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం, పేరు అడగరు.